‘పవర్ అప్’లో ఖాళీ ఎక్కడుంది? ఏసీ/డీసీ పునరాగమనం నుంచి పాలమూరు, నల్గొండ బ్యాండ్లు పట్టుకోవలసింది

2020 నవంబర్ 13న ఆస్ట్రేలియా హార్డ్ రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ కొత్త ఆల్బమ్ ‘పవర్ అప్’ వచ్చేనాటికి గిటారిస్టు ఆంగస్ యంగ్‌కు 65 ఏళ్లు, గాయకుడు బ్రయాన్ జాన్సన్‌కు 73. అంతకు నాలుగేళ్ల ముందే ఈ బ్యాండ్ పని అయిపోయిందని చాలామంది అభిమానులు ఆశ వదులుకున్నారు. తమ్ముడు ఆంగస్‌తో కలిసి 1973లో సిడ్నీలో బ్యాండ్ పెట్టిన మాల్కమ్ యంగ్, మతి తప్పే జబ్బు ముదరడంతో 2014లో తప్పుకున్నాడు. డ్రమ్మర్ ఫిల్ రడ్ కోర్టు కేసు వల్ల ఆ తర్వాతి టూర్‌కు దూరమయ్యాడు. 2016 మార్చిలో డాక్టర్లు జాన్సన్‌ను ఆపేశారు. స్టేడియాల్లో ఇలాగే పాడుతూ పోతే ఉన్న కాస్త వినికిడి కూడా పోతుందన్నారు. మిగిలిన కచేరీలను గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు యాక్సల్ రోజ్ పాడి గట్టెక్కించాడు. టూర్ ముగియగానే బాస్ వాయించే క్లిఫ్ విలియమ్స్ ఇక చాలన్నాడు. 2017 నవంబర్ 18న మాల్కమ్ చనిపోయాడు.

అంతటి దెబ్బ తిన్న బ్యాండ్ 2018 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్ నగరంలో, వేర్‌హౌస్ స్టూడియోలో మళ్లీ కూడింది. జాన్సన్, రడ్, విలియమ్స్ ముగ్గురూ తిరిగొచ్చారు. మాల్కమ్ చోట వాళ్ల అన్న కొడుకు స్టీవీ యంగ్ రిథమ్ గిటార్ (సోలో కాకుండా పాటకు లయ పట్టే గిటార్) పట్టాడు. అంతకుముందు ‘బ్లాక్ ఐస్’ (2008), ‘రాక్ ఆర్ బస్ట్’ (2014) ఆల్బమ్‌లు చేసిన బ్రెండన్ ఒబ్రయనే దీనికీ నిర్మాత. 12 పాటలు, 41 నిమిషాలు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా చార్టుల్లో మొదటి స్థానం.

వచ్చిన సమీక్షల్లో ఎక్కువగా వినపడిన మాట ఒకటే: అదే పాత సౌండ్. మాట నిజమే గానీ అక్కడితో ఆగితే అసలు సంగతి అందదు. ఆ సౌండ్ దేంతో తయారవుతుందో, మనిషి పోయాక కూడా అది ఎలా నిలిచిందో విప్పి చూస్తే హార్డ్ రాక్ వాయించాలనుకునే ఎవరికైనా ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఈ ఆల్బమ్ బలం సోలోల్లో లేదు, కేకల్లో లేదు. రిథమ్ గిటార్ ఎక్కడ మోగుతుందో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ ఆగుతుందో, అందులో ఉంది.

తిరిగి రావడంలో తేడాలు

పాత హార్డ్ రాక్ బ్యాండ్లు తిరిగొచ్చిన తీరులు పోల్చి చూస్తే ‘పవర్ అప్’ దారి వేరుగా కనిపిస్తుంది. డీప్ పర్పుల్ 1984లో ‘పర్‌ఫెక్ట్ స్ట్రేంజర్స్’తో వచ్చినప్పుడు 1973లో విడిపోయిన ఐదుగురినే ఒక చోటికి చేర్చింది. మనుషులు కలిశారు, పాటలు కొత్తగా పుట్టాయి. ఏరోస్మిత్ 1987లో ‘పర్మనెంట్ వెకేషన్’కు ఇంకో దారి పట్టింది. డెస్మండ్ చైల్డ్ లాంటి బయటి రచయితలను కూర్చోబెట్టుకుని రేడియోకు తగ్గ పాటలు కట్టించుకుంది. బ్లాక్ సబ్బత్ ‘13’ (2013) కోసం తొలి సభ్యుల్లో ముగ్గురు కలిశారు గానీ డ్రమ్మర్ బిల్ వార్డ్ రాలేదు. ఆ చోట బ్రాడ్ విల్క్ వాయించాడు.

ఏసీ/డీసీకి ఈ దారులేవీ కుదరవు. పాత మనుషులందర్నీ కలపడానికి మాల్కమ్ లేడు. బయటి రచయితలను పిలవడం ఈ అన్నదమ్ములకు అలవాటు లేదు. కాబట్టి ఆంగస్ పెట్టెలు తెరిచాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి టేపుల్లో దాచుకున్న రిఫ్‌లు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరసలు), సగం కట్టిన పాటలు, ముఖ్యంగా ‘బ్లాక్ ఐస్’కు ముందు పోగైన సరుకు, వాటినుంచే ఈ ఆల్బమ్ తయారైంది. అందుకే 12 పాటలకూ రచయితలుగా ఆంగస్, మాల్కమ్ పేర్లే ఉన్నాయి. 1980లో గాయకుడు బాన్ స్కాట్ పోయినప్పుడు ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అతనికి నివాళి అయినట్టే ఇది మాల్కమ్‌కు నివాళి అని ఆంగస్ చెప్పాడు. భావోద్వేగం పక్కన పెట్టి పనిగా చూసినా ఇది తెలివైన నిర్ణయం. రిఫ్ రాసినవాడి చేతి లెక్క అందులోనే ఉంటుంది. స్టీవీ ఆ లెక్కను తప్పకుండా పట్టుకుంటే చాలు, కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు.

ముందు సరిగ్గా వినడం

మన దగ్గర పాటలు వినేది ఎక్కువగా ఫోన్ స్పీకర్ మీదో, బ్లూటూత్ డబ్బా మీదో, కారులోనో. ఈ ఆల్బమ్‌కు మొదటి రెండూ పనికిరావు. కారణం ఉంది. రెండు గిటార్లను రెండు పక్కలకు విడగొట్టడం ఈ బ్యాండ్‌కు ఏనాటి నుంచో వస్తున్న పద్ధతి: రిథమ్ ఎడమకు, ఆంగస్ కుడికి. ఒకే స్పీకర్ ఉన్న డబ్బాలో రెండూ కలిసిపోయి ఒక్క గిటార్ లావుగా మోగినట్టు వినిపిస్తుంది. అది విని నేర్చుకున్న కుర్రాడు ఆ లావు కోసం డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చడం) పెంచుతాడు. తప్పు అక్కడే మొదలవుతుంది.

వైరు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు. ఫోన్‌లో బాస్ బూస్ట్, ఈక్వలైజర్, చుట్టూ మోగినట్టు చేసే సౌండ్ ఎఫెక్టులన్నీ ఆపేయాలి. పాటల యాప్‌లో నాణ్యతను పెద్దదానికి మార్చాలి. సెకనుకు 320 కిలోబిట్ల దగ్గర మొత్తం ఆల్బమ్‌కు దాదాపు 98 ఎంబీ డేటా పడుతుంది, 96 దగ్గర 30 ఎంబీ లోపే. ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఆ ఖర్చు మళ్లీ ఉండదు. తర్వాత ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే ఎడమ కుడి ఆడియో బ్యాలెన్స్ జరిపే గీత ఉంటుంది. దాన్ని పూర్తిగా ఎడమకు జరిపి ‘షాట్ ఇన్ ద డార్క్’ మొదటి నిమిషం వినాలి, మళ్లీ పూర్తిగా కుడికి జరిపి వినాలి. రెండు చేతులు రెండు పనులు చేస్తున్నాయని అప్పుడు తెలుస్తుంది. అక్కడ రిథమ్ గిటార్ ఎంత శుభ్రంగా ఉందో మొదటిసారి వినేవాళ్లు నమ్మలేరు. కార్డులో (కలిపి మోగించే స్వరాల గుంపులో) ఒక్కో తీగ విడిగా వినిపిస్తుంది. చెయ్యి ఆపగానే శబ్దం కత్తిరించినట్టు ఆగుతుంది.

మాల్కమ్ పనిముట్టు కూడా ఇదే చెబుతుంది. 1963 నాటి గ్రెట్ష్ జెట్ ఫైర్‌బర్డ్‌లో మిగతా పికప్‌లు (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) తీసేయించి బ్రిడ్జి దగ్గరిది ఒక్కటే ఉంచుకున్నాడు. తీగలు మందమైనవి, మూడో తీగ కూడా చుట్టు ఉన్నదే. యాంప్ బిగ్గరగానే ఉంటుంది గానీ డిస్టార్షన్ తక్కువ. స్టీవీ ఈ పద్ధతిని మార్చకుండా కొనసాగించాడు.

చెయ్యి అలవాటు, గెయిన్ రోగం

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, గద్వాల వైపు గిటార్ పట్టేవాళ్లలో చాలామందికి తొలి బడి చర్చి క్వయర్. తర్వాత పెళ్లి ఆర్కెస్ట్రా. రెండూ మంచి బడులే. కార్డులు త్వరగా వస్తాయి, గాయకుడు ఏ శ్రుతిలో మొదలుపెట్టినా అందుకోవడం వస్తుంది. కానీ అక్కడ గిటార్ పని పాట వెనక ఖాళీ లేకుండా నింపడం. కుడి చెయ్యి పైకీ కిందికీ ఆగకుండా ఊగుతూనే ఉంటుంది. హార్డ్ రాక్‌లో ఈ అలవాటే అడ్డు తగులుతుంది. ఇక్కడ దెబ్బ ఎంత ముఖ్యమో దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం అంత ముఖ్యం. డప్పు మేళంలో పదిమంది ఉన్నా అసలు దరువు పట్టినవాడు సిర్రె దెబ్బ ఎక్కడ వేయకూడదో తెలిసినవాడై ఉంటాడు. మాల్కమ్ చేసినదీ అదే.

గెయిన్ (యాంప్‌లో సిగ్నల్‌ను పెంచి డిస్టార్షన్ తెచ్చే మీట) ఎక్కువైతే ఏం జరుగుతుందో తెలిస్తే దాన్ని తగ్గించడానికి చెయ్యి వస్తుంది. గెయిన్ పెంచేకొద్దీ యాంప్ పెద్ద శబ్దాన్ని నొక్కి, చిన్న శబ్దాన్ని పైకి లేపుతుంది. గట్టి దెబ్బకూ మెల్లటి దెబ్బకూ తేడా పోతుంది. చెయ్యి ఆపినప్పుడు రావలసిన నిశ్శబ్దంలో బుస్సుమనే రొద నిండుతుంది. పైగా రెండు మూడు స్వరాలు కలిసి డిస్టార్షన్‌లోకి వెళ్లినప్పుడు వాటి మధ్య లేని స్వరాలు కొత్తగా పుట్టి కార్డు బురదగా మారుతుంది. గిటార్ ఫ్రెట్ల మీద అంతర గాంధారం శుద్ధ స్థానం కన్నా దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో వందో వంతు) ఎక్కువ పలుకుతుంది. మామూలు గిటార్‌పై ఇది పట్టించుకోనక్కర్లేదు, డిస్టార్షన్‌లో మాత్రం గరగరలాడుతుంది. షడ్జమం, పంచమం మాత్రమే ఉంచి గాంధారం తీసేస్తే అదే యాంప్, అదే గెయిన్ ఉన్నట్టుండి శుభ్రంగా పలుకుతుంది.

కాబట్టి కార్డులు ఇలా పట్టి మొదలుపెట్టాలి. ఎ కార్డుకు ఐదో తీగ ఖాళీగా, నాలుగు, మూడు తీగలు రెండో ఫ్రెట్‌లో, మిగతావి మూసి. డి కార్డుకు నాలుగో తీగ ఖాళీగా, మూడోది రెండో ఫ్రెట్‌లో, రెండోది మూడో ఫ్రెట్‌లో, మొదటి తీగ మూసి. జి కార్డుకు ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో నొక్కి అదే వేలి కొసతో ఐదో తీగను మూయాలి, నాలుగు, మూడు ఖాళీగా, రెండు, ఒకటి మూడో ఫ్రెట్‌లో. ఈ జి కార్డునే చాలామంది తప్పుగా పడతారు. ఐదో తీగ పొరపాటున మోగిందంటే ఎక్కడో అడుగున బరువు తేలిపోతుంది.

యాంప్ మీద గెయిన్ పదికి మూడు, నాలుగు దాటకూడదు. బాస్ 4, మిడ్ 6 లేదా 7, ట్రెబుల్ 6. రివర్బ్ సున్నా. పికప్ సెలెక్టర్ బ్రిడ్జి వైపు. ఇంట్లో ఒక్కడే వాయించుకునేటప్పుడు ఈ సౌండ్ పలచగా, చప్పగా అనిపిస్తుంది, అందుకే అందరూ బాస్, గెయిన్ పెంచేస్తారు. బాస్ గిటార్, కిక్ డ్రమ్ తోడైనప్పుడు కింది సగం అవి నింపుతాయి, గిటార్ పై సగంలో తన చోటు తను చూసుకుంటుంది. ఒంటరిగా బాగున్న సౌండ్ బ్యాండ్‌లో మునిగిపోవడం, ఒంటరిగా పలచగా ఉన్నది బ్యాండ్‌లో తేలడం ప్రతి రిహార్సల్ గదిలోనూ కనిపించేదే. మల్టీ ఎఫెక్ట్ పెడల్ వాడేవాళ్లు పాత మార్షల్ ప్లెక్సీ యాంప్ మోడల్ ఎంచుకుని, నాలుగు స్పీకర్ల క్యాబినెట్ పెట్టుకుని, పెడల్‌లోని మెటల్ ప్యాచ్‌ల జోలికి పోకుండా ఉంటే సగం పని అయిపోతుంది.

తీగలు, చెక్క, ఎండ

మాల్కమ్ మందం తీగలు ఎందుకు వాడాడంటే గట్టిగా కొట్టినా శ్రుతి జారదు కాబట్టి. సన్న తీగను బలంగా కొడితే ఆ క్షణం స్వరం పైకి లేచి మళ్లీ దిగుతుంది. రిథమ్ వాయించేవాళ్లకు 11 నుంచి 52 సెట్టు (ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) సరిపోతుంది, సోలో వాయించేవాళ్లకు 9 లేదా 10 సెట్టు. సెట్టు మార్చగానే అలాగే వాయించడం మొదలుపెడితే ఇబ్బందే. మందం తీగల లాగుడుకు మెడ ముందుకు వంగుతుంది, తీగల ఎత్తు పెరుగుతుంది. ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఇనుప కడ్డీని) పావు చుట్టు మాత్రమే బిగించి, శ్రుతి చేసి, కొన్ని గంటలు ఆగి చూడాలి. ఆరో తీగను ఒకటో ఫ్రెట్ దగ్గరా, మెడ శరీరంతో కలిసే ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ మీద సందు చూస్తే పావు మిల్లీమీటర్ అటూ ఇటూ ఉండాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్లు ఉంటే గట్టిగా కొట్టినా ఫ్రెట్లకు తగిలి జరజరలాడదు. మూడో తీగ నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుని శ్రుతి చేసేటప్పుడు టిక్కుమంటుంటే గాడిలో పెన్సిల్ సీసం రుద్దాలి, లేదా గాడిని కాస్త వెడల్పు చేయించాలి. చివరగా బ్రిడ్జి శాడిల్స్ జరిపి, ఖాళీ తీగకూ పన్నెండో ఫ్రెట్‌కూ ట్యూనర్ మీద ఒకే స్వరం వచ్చేలా చూసుకోవాలి. సెట్టు మారితే ఇది తప్పనిసరి, ముఖ్యంగా మూడో తీగకు.

పాలమూరు, నల్గొండ ఎండల్లో గిటార్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల పొడి గాలికి చెక్కలో తడి పోయి ఫింగర్‌బోర్డు కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొచ్చి వేలు గీరుకుంటుంది. వానలు పడగానే చెక్క ఉబ్బి తీగలు లేస్తాయి. అందుకే సంవత్సరానికి కనీసం రెండుసార్లు, ఎండలు ముదిరే ముందు ఒకసారి, వానలు నిలదొక్కుకున్నాక ఒకసారి, పైన చెప్పిన కొలతలు చూసుకోవాలి. రేకుల గదిలో గోడకు వేలాడదీయడం, మధ్యాహ్నం కారు డిక్కీలో వదిలేయడం గిటార్‌ను చేజేతులా పాడు చేసుకోవడమే. చెమట చేత్తో వాయించి తుడవకుండా పెడితే తీగలు రెండు మూడు వారాల్లో తుప్పు పడతాయి. పొడి నూలు గుడ్డతో ఒక్క నిమిషం తుడవడం కొత్త సెట్టు కొనడం కన్నా చవక.

గది, కరెంటు

మన ఇళ్లలో రిహార్సల్ గది అంటే 12 అడుగులకు 15 అడుగుల స్లాబ్ గది, కింద షాబాద్ బండలో గ్రానైటో, మూడు పక్కల సున్నం గోడలు. శబ్దానికి ఇంతకంటే చెడ్డ గది లేదు. సింబల్ మోత బండల మీద, స్లాబ్ మీద కొట్టుకుని గదంతా గింగిరాలు తిరుగుతుంది. అందులో ఎవరికి వారు వినపడక ఒకరి తర్వాత ఒకరు వాల్యూమ్ పెంచుతూ పోతారు. మందు పెద్ద ఖర్చు కాదు. డ్రమ్స్ కింద మందపాటి జంఖానా, డ్రమ్మర్ వెనక గోడకు పాత బొంతలు రెండు పొరలు, గోడకు నాలుగు వేళ్ల దూరంలో తాడు మీద వేలాడదీస్తే ఆనించిన దానికన్నా బాగా పనిచేస్తాయి. మూలల్లో పాత బట్టలో దూదో కుక్కిన గోనె సంచులు ఒకదాని మీద ఒకటి. గుడ్ల అట్టలు అతికించడం వృథా. అవి పై శబ్దాన్ని కొంచెం చెదరగొడతాయి తప్ప బాస్‌ను పట్టవు, బయటికి పోయే శబ్దాన్ని ఆపవు, నిప్పు అంటుకుంటే ప్రమాదం. యాంప్‌ను నేల మీద కాకుండా కుర్చీ ఎత్తున, వాయించేవాడి చెవి వైపు వంచి పెడితే తక్కువ వాల్యూమ్ సరిపోతుంది.

కరెంటు విషయంలో మాత్రం ఏ మినహాయింపూ వద్దు. పాత ఇళ్ల బోర్డుల్లో మూడో రంధ్రం ఉంటుంది గానీ చాలాచోట్ల దాని వెనక ఎర్త్ తీగ ఉండదు. గిటార్ తీగలు యాంప్ బాడీకి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ బాడీకి కలిసి ఉంటుంది. రెండూ వేర్వేరు లైన్ల మీదుండి ఒకదానికి ఎర్త్ లేకపోతే, చెయ్యి తీగల మీదుండగా పెదవి మైకుకు తగిలినప్పుడు షాక్ మనిషి గుండా పోతుంది. ఇది ప్రాణం తీసిన సందర్భాలు రాక్ చరిత్రలో ఉన్నాయి. పరీక్ష సులువు: మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్ల మీద పెట్టి ఒక ముల్లు గిటార్ తీగకు, ఇంకోటి మైకు జాలీకి ఆనించాలి. సున్నాకు దగ్గరగా ఉండాలి. పదుల్లో అంకె చూపిస్తే కారణం దొరికేదాకా ఎవరూ మైకు ముట్టకూడదు. రెండు పిన్నుల ల్యాప్‌టాప్ అడాప్టర్ కలిపినా ఇలాంటి లీకేజీ కనిపించి చేతికి జివ్వుమంటుంది, ముందు దాన్ని తీసి చూడాలి. యాంప్, మిక్సర్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోవడం, ఆ బోర్డుకు 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించడం, బొగ్గు, ఉప్పు వేసిన సరైన ఎర్త్ గుంత ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం, ఈ మూడూ గిటార్ కొనడానికన్నా ముందు చేయవలసినవి. గుయ్యిమనే హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. హమ్ పోవచ్చు, దాంతో రక్షణ కూడా పోతుంది. చవక ఇన్వర్టర్ మీద నడిపితే వచ్చే గరగర వేరు, దానికి కారణం ఇన్వర్టర్ ఇచ్చే చదరపు తరంగం. కరెంటు వచ్చేదాకా ఆగడమే దానికి విరుగుడు.

డ్రమ్స్, బాస్, లెక్క

ఫిల్ రడ్ వాయింపు వినడానికి సులువు, వాయించడానికి కష్టం. హై హ్యాట్ మీద ఎనిమిది సమానమైన దెబ్బలు, ఒకటి, మూడుకు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), రెండు, నాలుగుకు స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్). పాట మారేచోట ఒక సింబల్ దెబ్బ, అంతే. మన దగ్గర రిథమ్ ప్యాడ్ మీద చెయ్యి తిరిగినవాళ్లు డ్రమ్స్ మీద కూర్చోగానే ప్రతి నాలుగు ఆవర్తాలకూ ఒక ఫిల్ (మధ్యలో నింపే చిన్న దరువు) వేస్తారు. ఆ ఫిల్ వేసిన ప్రతిసారీ వేగం కాస్త పెరుగుతుంది. పాట మొదలైనప్పటికీ ముగిసినప్పటికీ తేడా తెలియాలంటే ఫోన్‌లో రికార్డు చేసి మొదటి అర నిమిషం, చివరి అర నిమిషం పక్కపక్కన వినాలి. సరిదిద్దే పద్ధతి: మెట్రోనోమ్‌ను అసలు వేగంలో సగానికి పెట్టి ఆ టిక్కును రెండు, నాలుగుగా లెక్కపెట్టుకుంటూ స్నేర్‌ను దాని మీద వేయాలి. ఒకటి, మూడు మనసులోనే ఉండాలి. నాలుగు నిమిషాలు ఫిల్ లేకుండా ఇలా నిలబడగలిగితే సగం బ్యాండ్ తయారైనట్టే.

బాస్‌కు చెప్పవలసింది తక్కువ. విలియమ్స్ లాగా పిక్‌తో, మూల స్వరం మీద, కిక్‌తో పాటు. రిథమ్ గిటార్ ఆగినచోట బాస్ కూడా ఆగుతుందా, సాగుతుందా అన్నది ప్రతి పాటకూ ముందే తేల్చుకోవాలి. ఇద్దరూ చెరోటి అనుకుంటే ఖాళీ ఖాళీగా ఉండదు.

గొంతు, చెవి

జాన్సన్ తిరిగి రావడం వెనక వైద్యం కంటే పరికరం పాత్ర ఎక్కువ. చెవిలో పెట్టుకునే మానిటర్ల రంగంలో పేరున్న స్టీఫెన్ ఆంబ్రోస్ ఆయన కోసం కొత్త తరహా పరికరం రూపొందించాడు. తొలి నమూనా కారు బ్యాటరీలా ఉండేదని, దాన్ని చిన్నది చేయడానికి రెండున్నరేళ్లు పట్టిందని జాన్సన్ చెప్పాడు. కార్ రేసుల మోత కూడా తన చెవులను దెబ్బతీసిందని ఆయన దాచలేదు.

మన రిహార్సల్ గదులకు ఈ లెక్క సూటిగా వర్తిస్తుంది. 85 డెసిబెల్స్‌ను 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. బండల గదిలో డ్రమ్స్ మోగితే 100 దాటడం మామూలే. అంటే రెండు గంటల రిహార్సల్ చెవికి తట్టుకునే హద్దుకు కనీసం ఎనిమిది రెట్లు. చెవిలో దూది పెట్టుకుంటే లాభం లేదు. మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవి పై భాగాన్ని వెనక్కి లాగి పట్టి, లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే అది పనిచేయడం లేదు. ఇంటికెళ్లాక చెవుల్లో గుయ్యిమంటుంటే ఆ రోజు మోత హద్దు దాటిందని అర్థం.

గాయకుల విషయానికొస్తే, జాన్సన్ గొంతు గీర వినగానే గొంతు బిగించి అరవడం పొరపాటు. ఆ బలం పొట్ట నుంచి వచ్చే గాలిది. గొంతులో నొప్పి, మంట పుట్టిందంటే పద్ధతి తప్పింది, అక్కడే ఆపాలి. పాటను రెండు మెట్లు కిందికి దించుకుని వాయించడం చిన్నతనమేమీ కాదు. బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టర్‌ను కలవాల్సిందే.

స్టేజీ మీదికి

కాలేజీ ఫెస్ట్‌లో బ్యాండ్‌కు దొరికేది ఇరవై నిమిషాలు. ఈ ఆల్బమ్ నుంచి నేర్చుకునే వరసలో ‘షాట్ ఇన్ ద డార్క్’ మొదటిది. గిటార్ ఒక్కటే మొదలుపెడుతుంది కాబట్టి మిగతావాళ్లు వేగం పట్టుకోవడానికి వీలుంటుంది. తర్వాత ‘రియలైజ్’. ‘త్రూ ద మిస్ట్స్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్‌లో అన్నిటికన్నా అందమైన పాట, కానీ వెనక కోరస్ పాడే ఇద్దరు లేకపోతే నిలబడదు, తొందరపడొద్దు. ‘డెమన్ ఫైర్’ వేగం కుడి చేతిని అలిసిపోయేలా చేస్తుంది, ఆఖరికి నేర్చుకోవాలి, ఆఖరికే వాయించాలి.

అసలు చిక్కు సౌండ్ సిస్టమ్‌తో. ఫంక్షన్ హాళ్లకూ మైదానాలకూ వచ్చే బాక్సులు డీజే పాటలకు సర్ది ఉంటాయి. కింద బాస్, పైన ట్రెబుల్ ఎక్కువ, మధ్యలో గుంత. గిటార్ బతికేది సరిగ్గా ఆ గుంతలోనే. ఆపరేటర్ అన్నను ముందే కలిసి మూడు విషయాలు అడగాలి: గిటార్ చానళ్లలో 100 హెర్ట్జ్ కింద కత్తిరించమని, 800 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య తగ్గించిన దాన్ని సమానం చేయమని, పెద్ద బాస్ బాక్సుల్లోకి కిక్, బాస్ గిటార్ మాత్రమే పంపమని. యాంప్ ముందు మైకు స్పీకర్ నడిమధ్యకు కాకుండా కాస్త పక్కకు, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో. రెండు గిటార్లలో రిథమ్‌ను ఎడమ బాక్సులకు, సోలోను కుడికి కొంచెం జరపమనాలి. పూర్తిగా విడగొడితే మైదానంలో ఒక పక్క నిలబడ్డవాళ్లకు సగం పాటే వినిపిస్తుంది. రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు 2000 నాటి శబ్ద నియమాలు ఒప్పుకోవు. పండుగలకు ఏడాదిలో 15 రోజుల వరకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికుంది, కాలేజీ ఫెస్ట్ దాని కిందికి వస్తుందని ఎవరైనా అంటే కాగితం చూపించమనాలి. బ్యాండ్ వంతు చివర పెడితే కోత పడేది బ్యాండ్‌కే కాబట్టి, ఏడున్నర ఎనిమిదికల్లా స్టేజీ ఎక్కేలా నిర్వాహకులతో ముందే మాట్లాడుకోవాలి. సౌండ్ చెక్‌కు సాయంత్రం నాలుగింటికే వెళ్లి, కిక్, స్నేర్, బాస్, రిథమ్ గిటార్, సోలో, గొంతు అనే వరసలో ఒక్కొక్కటీ సరిచూసుకుని, రిథమ్ గిటార్ ఆగినప్పుడు హాలు కూడా ఆగుతోందో లేదో వెనక వరస దగ్గర నిలబడి ఒకరు వినాలి.